హైస్కూలు సీటు: మన పిల్లల బడిని ఇంతకాలం ఎవరు ఎంచుకున్నారు?

రాయవరం మండలంలో ఐదో తరగతి చదివే మన పిల్లకి ఆరో తరగతిలో చేరడానికి ఇవాళ నాలుగైదు దారులున్నాయి. ఊళ్లోనో పక్క ఊళ్లోనో జిల్లా పరిషత్ హైస్కూలు ఉంటుంది. హాస్టల్లో ఉండి దగ్గర్లోని హైస్కూలుకి వెళ్లొచ్చు. గురుకులాలున్నాయి. నవోదయ ఉంది. ఆడపిల్లలకి కస్తూర్బా ఉంది. డబ్బు పెట్టగలిగితే ప్రైవేటు బడి ఎలాగూ ఉంది. వీటిలో ఏది కావాలో తేల్చుకోవలసింది తల్లిదండ్రులు. ఇది మామూలు మాటలాగే వినిపిస్తుంది. మన ఎరుకల కుటుంబాలకి మాత్రం ఈ మాట చాలా ఆలస్యంగా, చాలా దెబ్బలు తిన్నాక చేరింది. మన పిల్లలు ఎక్కడుండాలో, ఏం నేర్చుకోవాలో వేరేవాళ్లు నిర్ణయించిన కాలం ఒకటుంది. ఇవాళ హాస్టల్ దరఖాస్తు చూసి మన అమ్మమ్మలు ఎందుకు తటపటాయిస్తారో తెలియాలంటే ముందు ఆ కాలం తెలియాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా దశ తిరిగింది. కాలువ నీళ్లు వచ్చాయి, వరి పండింది, రైతు చేతిలో డబ్బాడింది. ఆ 1850ల్లోనే నరసాపురం వైపు సబ్ కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ ప్రోత్సాహంతో రైతులు శిస్తుతో పాటు కొంత సొమ్ము కలిపి కట్టి ఊళ్లలో బడులు పెట్టుకున్నారు. గోదావరి జిల్లా 'రేటు స్కూళ్లు' అని మద్రాసు రాజధాని అంతటా వాటికి పేరు. మన జిల్లా చదువుల చరిత్ర రాసే ప్రతివారూ వాటిని గర్వంగా చెబుతారు, చెప్పదగ్గ సంగతే. కానీ ఆ బడి శిస్తు కట్టే రైతుది. భూమి లేనివాడు ఆ సొమ్ము కట్టలేదు, ఆ బడి అతన్ని పిలవలేదు.

అప్పటికి మన వాళ్ల బతుకు దారుల మీద సాగేది. కోస్తా నుంచి ఉప్పు ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని పైకి తీసుకెళ్లడం, అక్కడి ధాన్యం కిందికి తేవడం, దారిలో బుట్టలు, తట్టలు అమ్మడం, ఆడవాళ్లు ఎరుక చెప్పడం. షెడ్యూల్డు తెగల జాబితాలో ఇవాళ మన పేరు పక్కన కనిపించే ఉపకులాల పేర్లు ఆ పనుల నుంచి వచ్చినవే. ఉప్పు మోసినవారు ఉప్పు ఎరుకల, వెదురు దబ్బలు చీల్చి అల్లినవారు దబ్బ ఎరుకల, సాలెవారికి మగ్గం కుంచెలు కట్టి ఇచ్చినవారు కుంచెపురి ఎరుకల. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. 1890ల్లో తూర్పుతీరం వెంట రైలు వచ్చింది, 1900లో రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన తెరిచారు. ఎద్దు మీద మోసే బరువుకి ఇక గిరాకీ లేదు. పని పోయి తిరుగుతున్న మనిషిని సర్కారు అనుమానంగా చూసింది. వాణ్ణి పనిలేనివాడని అనలేదు, నేరస్థుడని అంది.

1871లో ఉత్తరాదిన తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. మన యువతకి ఈ చట్టం పేరు తెలుసు, పోలీసు స్టేషన్లో హాజరు వేయించుకున్న తాతల కథలు తెలుసు. దానిలో పిల్లల గురించి ఏముందో మాత్రం తక్కువమంది చదివారు. నోటిఫై చేసిన తెగల పిల్లల కోసం సర్కారు పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలలు పెట్టవచ్చు. ఆ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి తీసుకెళ్లి అక్కడ ఉంచవచ్చు. పిల్లలంటే ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్ల లోపువారు. ఆ పిల్ల ఏ నేరమూ చేయనక్కర్లేదు, ఆ కులంలో పుడితే చాలు. ఇప్పుడు మనం సెకండరీ విద్య అంటున్న వయసంతా దాని కిందికే వస్తుంది.

ఆ చట్టం కిందే 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పుట్టింది. గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో, నెల్లూరు వైపు కావలిలో, కర్నూలు వైపు సిద్ధాపురంలో ఇలాంటి సెటిల్‌మెంట్లే వచ్చాయి. సెటిల్‌మెంట్లో బడి ఉండేది, పిల్లల్ని పంపాలన్నది నిబంధన. పంపకపోతే తల్లిదండ్రులకి శిక్ష. పెద్దవాళ్లు పాస్ లేకుండా పొలిమేర దాటకూడదు. బడి పక్కనే పొలం పని, నేత పని. చీరాలలో పొగాకు కంపెనీ ఫ్యాక్టరీకి కూలీలుగా స్టూవర్టుపురం మనుషులే వెళ్లేవారు. ఆ బడుల్లో అక్షరం నేర్చుకున్నవారు మనలో ఉన్నారు, ఆ అక్షరంతోనే పైకి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. దాన్ని కాదనడం అన్యాయం. కానీ మన జాతికి బడి మొదటిసారి కనిపించినప్పుడు దాని గుమ్మంలో పోలీసు ఉన్నాడు. బడిలో వేస్తామంటే బిడ్డని పట్టుకుపోతారన్న అర్థం మన ఇళ్లలో అక్కణ్ణుంచి మొదలైంది. మన పెద్దలు చదువంటే ఇష్టం లేక పిల్లల్ని దాచారని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం.

ఈ చట్టాన్ని ఎత్తేయించడానికి పోరాడినవారిలో నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారి పేరు మనం మరవకూడదు. ఆయన మన కులస్థుడు కాదు, యానాదుల మధ్య జీవితమంతా పనిచేసిన మనిషి. మద్రాసు రాజధానిలో 1947లో చట్టం రద్దయింది. 1949లో కేంద్రం అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన కమిటీ వేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం పోయింది. మనం విముక్త దినం చేసుకునేది అందుకే. అయితే మద్రాసులో పాత చట్టం పోయిన మరుసటి ఏడే, 1948లో, అలవాటుపడ్డ నేరస్థుల చట్టం వచ్చింది. చట్టంలో కులం పేరు పోయింది కానీ స్టేషన్ రిజిస్టరు అలవాటు అంత తొందరగా పోలేదు. వేలిముద్ర అంటే మన వాళ్లకి ముందు తెలిసింది ఆ రిజిస్టరులో వేసిందే. సర్కారు కాగితం మీద ఇంటిపేరు, పిల్లల పేర్లు, ఉంటున్న చోటు రాయించడానికి ఆ తరం ఎందుకు జంకిందో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు. బడి దరఖాస్తులో అడిగేవి కూడా ఆ మూడే.

ఇక స్వతంత్ర భారతంలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎస్టీ విద్యార్థులకి 1948-49 నుంచి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు వచ్చాయి. కానీ పేరులోనే ఉంది, అవి పదో తరగతి దాటినవారికి. దాటించే మెట్టు దగ్గరే మన పిల్లలు ఆగిపోయేవారు. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టం షెడ్యూల్డు తెగల జాబితాలో రాష్ట్రంలోని ప్రాంతాల మధ్య ఉన్న తేడాల్ని చాలావరకు తీసేసింది. దబ్బ, కుంచెపురి, ఉప్పు ఎరుకల పేర్లు విడిగా జాబితాలోకి ఎక్కింది 2002 సవరణ చట్టంతో. ఇది చిన్న సంగతి అనుకోకండి. తాత టీసీలో ఒక పేరు, తండ్రి టీసీలో ఇంకో పేరు ఉన్న ఇళ్లు మనలో ఉన్నాయి. సర్టిఫికెట్ అడిగే గుమాస్తా ముందు అవి రెండు కులాలు కావు, ఒకే జాబితాలో ఒకే వరసలో ఉన్న పేర్లని చూపించడానికి ఆ చట్టం పనికొస్తుంది. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. చర్చికి వెళ్లే కుటుంబాలు ఎస్టీ సర్టిఫికెట్ రాదేమో అని భయపడుతుంటాయి. మతాన్ని బట్టి హోదా పోయే నిబంధన ఎస్సీలకి ఉంది, ఎస్టీలకి లేదు.

1959లో జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక జిల్లా బోర్డు హైస్కూళ్లు వాటి చేతికొచ్చాయి. తర్వాతి దశాబ్దాల్లో పెద్ద ఊళ్లన్నిటికీ హైస్కూలు చేరింది. డెల్టాలో బడి దూరం కావడం మన ప్రధాన కష్టం కాదు, మన్యంతో మనకున్న తేడా అదే. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. మరుసటి ఏడు గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో వచ్చాయి. పేద పల్లె పిల్లవాడు పరీక్ష రాసి, అక్కడే ఉండి, సర్కారు ఖర్చు మీద చదువుకునే పద్ధతి అది. 1980ల్లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో ఇదే పద్ధతి సాంఘిక సంక్షేమ గురుకులాలుగా విస్తరించింది. దాని వెనక ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి పట్టుదల ఉంది. గిరిజన సంక్షేమ గురుకులాలకి విడిగా సొసైటీ 1999లో ఏర్పడింది.

ఇక్కడ మైదాన ప్రాంతపు మనకి ఒక చిక్కు వచ్చిపడింది. గిరిజనుల బడులు గిరిజనులు ఎక్కువగా ఉన్నచోట పెట్టారు. అది న్యాయమే. ఆశ్రమ పాఠశాలలు, ఐటీడీఏలు, అన్నీ మన్యం లెక్కతోనే నడిచాయి. 1997-98లో మొదలైన ఏకలవ్య పాఠశాలల్ని 2018లో విస్తరించినప్పుడు కేంద్రం పెట్టిన కొలత చూడండి. ఆ బ్లాకులో సగానికి పైగా జనం ఎస్టీలై ఉండాలి, వాళ్లు 20,000 మందికి తగ్గకూడదు. డెల్టాలో ఒక్క మండలమూ ఆ కొలతకి తూగదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకలవారు ఐదు లక్షలు దాటారు. కానీ మనం ఊరికి పది ఇళ్లుగా, ఇరవై ఇళ్లుగా, కాలువగట్టు మీదో ఊరి చివరో చెదిరి ఉన్నాం. అంతమందిమి ఉండి ఏ మండలంలోనూ లెక్కకి రాం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి రాయవరం కోనసీమ జిల్లాలోకి వచ్చినప్పుడు, రంపచోడవరం మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు పాత తూర్పు గోదావరిలో కనీసం ఒకే జిల్లా వాళ్లం. కాబట్టి 'ఎస్టీ పిల్లలకి ఎస్టీ బడి ఉందిగా' అని ఎవరైనా తేలిగ్గా చెబితే, అది ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో, మన పిల్లకి అక్కడ స్థానిక కోటా వర్తిస్తుందో లేదో ముందు అడగండి. దగ్గర్లోని సాంఘిక సంక్షేమ గురుకులాల్లోనూ ఎస్టీలకి కొన్ని సీట్లుంటాయి. ఈ సంగతి తెలియక దరఖాస్తే పెట్టని ఇళ్లు ఉన్నాయి.

నవోదయ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. సీటు దొరికితే పన్నెండో తరగతి దాకా బెంగ ఉండదు, దరఖాస్తు దగ్గరే పోగొట్టుకునేదీ ఈ సీటునే. 1985-86లో దేశంలో రెండు బడులతో మొదలైన పథకం ఇది. పాత తూర్పు గోదావరికి పెద్దాపురంలో నవోదయ వచ్చింది. ఆరో తరగతిలో 80 మందిని తీసుకుంటారు. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకి, మూడో వంతు ఆడపిల్లలకి. ఎస్టీలకి జిల్లా జనాభాలో వాళ్ల వాటాను బట్టి, కనీసం 7.5 శాతం. మన జిల్లాలాంటి చోట ఎస్టీల సంఖ్య తక్కువైనా ఆ 7.5 తగ్గదు. చెదిరి ఉన్న మనకి లాభించిన నిబంధన ఇదొక్కటే అని మా అభిప్రాయం. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు, తెలుగులోనే రాయొచ్చు. అందులో సగం మార్కులు బొమ్మల ప్రశ్నలకి. తట్ట అల్లే చేతుల్ని పుట్టినప్పటి నుంచి చూసిన పిల్లకి ఆకారం, వరస, లెక్క కొత్త కాదు. అలవాటు చేస్తే ఆ భాగంలో మన పిల్లలు వెనకపడరు.

పోయేది వేరేచోట. ఐదో తరగతి ఏడాదంతా ఆ జిల్లాలోనే చదివి ఉండాలి. పల్లె కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లెటూరి బడిలోనే చదివి ఉండాలి. పుట్టిన తేదీ వయసు హద్దులో ఉండాలి. పరీక్ష జీవితంలో ఒక్కసారే. ఇటుక బట్టీకో, చేపల చెరువు మీద కాపలాకో నాలుగు నెలలు కుటుంబం మొత్తం పక్క జిల్లాకి తరలిపోతే, పిల్ల చదివింది అక్కడా ఇక్కడా ముక్కలవుతుంది. మొదటి తరగతిలో చేర్చేటప్పుడు పుట్టినరోజు తెలియక మాస్టారు జూన్‌లోనో జులైలోనో ఒక తేదీ వేసేస్తే, అది ఐదేళ్ల తర్వాత వయసు హద్దు దగ్గర అడ్డం తిరుగుతుంది. ఆ నిబంధన రాసినవాళ్ల మనసులో ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో ఉండే కుటుంబం ఉంది. సంచారం మానేసి రెండు తరాలు కూడా కాని మనలాంటివాళ్లు లేరు. అందుకే బట్టీకి వెళ్లే ముందు పిల్లని అమ్మమ్మ దగ్గరో హాస్టల్లోనో ఉంచి, ఆ ఒక్క ఏడూ బడి మారకుండా చూసుకోవాలని ఇంటింటికీ చెప్పవలసి వస్తోంది.

ఆడపిల్లల విషయంలో 2004లో వచ్చిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మార్పు తెచ్చాయి. ఆరో తరగతి నుంచి ఉండి చదువుకోవచ్చు. ఎంపిక పరీక్ష లేదు. నాలుగింట మూడు వంతుల సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఆడపిల్లలకే. బడి మానేసినవాళ్లకి, తల్లో తండ్రో లేనివాళ్లకి ముందు అవకాశం. మధ్యలో ఆగిపోయిన మన అమ్మాయిలకి మేము మొదట చెప్పే దారి ఇదే.

పేరున్న బడి ఏదీ దొరక్కపోతే ఏమైనట్టు? ఏమీ కాలేదు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లని చేర్చుకోం అనే అధికారం ఊరి సర్కారు బడికి లేదు. వయసు పత్రం లేదని తిప్పి పంపకూడదు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు. మధ్యలో మానేసిన పిల్లని వయసుకి తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి. ఎస్టీ పిల్లలకి తొమ్మిది, పది తరగతుల్లో 2012 నుంచి ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. ఊరి హైస్కూలు చివరి దారి కాదు, చాలామందికి అదే సరైన దారి. గురుకులం సీటు రాలేదని పిల్లని చేతకానిదానిలా చూసే ఇళ్లు కనిపిస్తున్నాయి. ఇది కొత్తగా మొదలైన జబ్బు.

ఇప్పుడు మళ్లీ అమ్మమ్మ దగ్గరికి రావాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో ఇంటర్, డిగ్రీ చదివినవాళ్లు ఇవాళ సచివాలయానికి, మీసేవకి వెళ్లి దరఖాస్తులు పెడుతున్నారు. 1993 చట్టం కింద ఇచ్చే కుల ధృవీకరణ పత్రం తెప్పిస్తున్నారు, ఫొటోలు ఎక్కిస్తున్నారు, ఫోన్‌కి వచ్చే నంబరు చెప్పించుకుంటున్నారు. మంచి పని, ఒకప్పుడు దీనికి వీధిలో ఒక్క మనిషి కూడా దొరికేవాడు కాదు. కానీ దరఖాస్తు నింపడం వేరు, నిర్ణయించడం వేరు. 'నీకేం తెలియదు అత్తా, నేను పెట్టేస్తాను' అని ఫోనులో నాలుగు బడులకి నొక్కేసి వచ్చేవాళ్లనీ చూస్తున్నాం. తీరా సీటు వచ్చాక ఆ తల్లి పంపనంటుంది, సీటు వృథా అవుతుంది. తప్పు ఆమె మీదికి పోతుంది. ఆమెని ఎవరూ అడగలేదన్నది ఎవరికీ గుర్తుండదు.

అడిగితే ఆమె చెప్పేవి చాలా మామూలు సంగతులు. అక్కడ జ్వరం వస్తే మాకు ఎవరు ఫోన్ చేస్తారు? పండక్కి ఎవరు తీసుకొస్తారు? మేము చూడ్డానికి వెళితే లోపలికి రానిస్తారా? ఎన్ని రోజులకోసారి? మా కుర్రు మాట మాట్లాడితే నవ్వుతారా? పెద్దమనిషి అయితే ఎలా? ఇవి చదువు రానివాళ్ల ప్రశ్నలు కావు. బిడ్డని వేరుచేసి తీసుకెళ్లిన చట్టం కింద ఒకటి రెండు తరాలు బతికిన జాతి అడగవలసిన ప్రశ్నలు. వీటికి జవాబులు ప్రిన్సిపాల్ దగ్గరో వార్డెన్ దగ్గరో తెలుసుకుని వచ్చి చెప్పండి. వీలైతే దరఖాస్తుకి ముందే తల్లినీ పిల్లనీ ఒకసారి ఆ బడికి తీసుకెళ్లి చూపించండి. బస్సు చార్జీ అవుతుంది, ఒక కూలిరోజు పోతుంది. అయినా చూపించండి. చూశాక వద్దంటే ఆ మాట నిలవాలి. పిల్లని కూడా అడగాలి. పదేళ్ల పిల్లకి ఇష్టం ఉంటుంది, అది చెప్పడానికి నోరు కూడా ఉంటుంది.

ఏ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఏటా మారుతుంది కాబట్టి తేదీలు ఇక్కడ రాయడం లేదు. ఐదో తరగతి మొదలైన జూన్‌లోనే కాగితాలు సిద్ధం చేసుకుంటే ఏ తేదీ అయినా అందుతుంది. ఆధార్‌లో, బడి రిజిస్టరులో, కుల పత్రంలో పిల్ల పేరు, తండ్రి పేరు ఒకే అక్షరాలతో ఉన్నాయో లేదో చూడటం మొదటి పని. ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే.

ఇంకొకటి ఇప్పుడే మొదలుపెట్టవలసిన పని. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, ఆ ఏడు అక్టోబర్ 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరేటప్పుడు పుట్టిన తేదీకి జనన ధృవీకరణ పత్రమే ఆధారం. మాస్టారు వేసిన జూన్ తేదీ ఇక చెల్లదు. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాలి. ఆసుపత్రిలో పుట్టినవాళ్లకి నమోదు అక్కడే మొదలవుతుంది, పత్రం తెచ్చుకోవడం మనం మరిచిపోతాం. బట్టీ దగ్గర, దారిలో పుట్టినవాళ్లకి అదీ ఉండదు. ముందు మన వీధిలో ఆ తేదీ తర్వాత పుట్టిన పిల్లల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. ఎవరి చేతిలో పత్రం ఉందో, ఎవరి చేతిలో లేదో పక్కన గుర్తు పెట్టండి.